తడిరాయికి పక్క నంబరు

జూలై 3, బుధవారం

హాలుకి రంగు వేయించాలి. వేసి పదకొండేళ్ళయింది. మలేషియా వానలన్నీ ఈ తైపింగ్‌లోనే కురుస్తాయి, గోడల నిండా చెమ్మ మరకలు. ఎవరు చూసినా వేయించుకోమనే అంటారు.

ఇంకో కారణం కూడా ఉంది. అదీ రాస్తాను.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ మళ్ళీ వెళ్ళిపోయింది. ఇది మూడోసారి. పిన్ని వంటింట్లో చేపలు శుభ్రం చేస్తోంది. నేను మేడ మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్నాను (ఇక్కడైనా నిజం రాయాలిగా). అమ్మ కమున్తింగ్ వెళ్ళే పెద్ద రోడ్డు మధ్యలో, వానలో, చెప్పుల్లేకుండా లారీలకి ఎదురు నడుస్తోందట. ఒక లారీ డ్రైవరు బండి అడ్డంగా ఆపి, అమ్మ మెళ్ళో కార్డు మీది నంబరు చూసి ఫోన్ చేశాడు. నేను వెళ్ళేసరికి అతని సీట్లో కూర్చుని అతని టీ తాగుతోంది.

"షాపుకి లేటయింది" అంది నన్ను చూసి.

పెయింట్ షాపులో ఆవిడ పని మానేసి నాలుగేళ్ళు. వయసు అరవై ఒకటి. ఈ మతిమరుపు జబ్బుకి ఇది చిన్న వయసేనని డాక్టరు మెచ్చుకున్నట్టుగా చెప్పాడు.

నిన్న క్లినిక్ నించి నర్సు రోహైదా వచ్చింది. మిస్సీ అంటాం అందరం. వీధి తలుపుకి తాళం వద్దంది. ఇల్లంటుకుంటే ఎవరు తీస్తారు? పైగా తాళం వేసిన రోజు అమ్మ తలుపు బాది బాది గోళ్ళలోంచి రక్తం తెచ్చుకుంది.

"తలుపుకీ గోడకీ ఒకే రంగు వేయించెయ్ సువాన్. చట్రంతో సహా. పిడి తీయించేసి పైన చిన్న గడియ పెట్టించు. తలుపు తలుపులా కనబడితేనే వీళ్ళు అటు వెళ్తారు. గోడలో కలిసిపోయిందనుకో, వెతకడం మానేస్తారు. మా అత్తగారికి అలాగే చేశాం."

"ఆవిడ వెతకలేదా?"

"రెండ్రోజులు వెతికింది. తర్వాత హాయిగా టీవీ చూసుకుంది."

హాయిగా.

వంటింటి వెనక తలుపుతో భయం లేదు. అది బట్టలారేసే పెరట్లోకి పోతుంది, చుట్టూ గోడ, గేటుకి తాళం. అమ్మకి బయట అంటే వీధి తలుపు ఒక్కటే.

జూలై 5, శుక్రవారం

బూన్ టేక్ పెయింట్ షాపుకి వెళ్ళాను. వాళ్ళ నాన్న హయాంలో అమ్మ అక్కడ ముప్ఫై ఒక్క ఏళ్ళు రంగులు కలిపింది. మొదట చేత్తో. మెషీన్ వచ్చాక, మెషీన్ చేసిన తప్పులు దిద్దుతూ.

"చూ అక్క ఎలా ఉంది?" అన్నాడు. అమ్మని అలాగే పిలుస్తాడు.

"బాగుంది."

"నన్ను అడుగుతుందా?"

"రోజూ. షాపుకి లేటయిందని బయల్దేరుతుంది."

నవ్వబోయి ఆగాడు. హాలుకి మరకలు కనబడని రంగేదైనా ఇమ్మన్నాను. బూడిద రంగుల కార్డు పరిచాడు. నలభై గడులు, నలభై పేర్లు. రంగులకి ఈ పేర్లు పెట్టేవాళ్ళని వెక్కిరించే హక్కు నాకు లేదు. పెనాంగ్‌లో నా ఉద్యోగం సబ్బులకి పేర్లు పెట్టడమే. రెండు వారాల సెలవని చెప్పి ఫిబ్రవరిలో వచ్చాను.

47 తడిరాయి. 48 పొద్దుటి రేవు. పక్కపక్క గడులు. రెంటికీ తేడా లేదన్నాను, ఉందని తెలిసే.

"నూటికి తొంభై తొమ్మిది మందికి ఉండదు" అన్నాడు బూన్ టేక్. "ఆ నూరో మనిషి మీ ఇంట్లో ఉంది. మెషీన్ కాస్త తడబడితే చాలు, 'ఒరే, ఇందులో ఎరుపు చుక్క ఎక్కువైందిరా, నీ కళ్ళు వేయించుకు తిన్నావా' అనేది. మా నాన్నే భయపడేవాడు ఆవిడకి."

రెంటినీ అట్టముక్కల మీద పూసి ఇచ్చాడు, ఇంటికి తీసుకెళ్ళి చూసుకోమని.

జూలై 6

గోడలకి తడిరాయి. అది తేలిపోయింది. తలుపు సంగతి తర్వాత.

జూలై 9, మంగళవారం

రంగుని ట్యూబ్‌లైట్ కింద చూడకూడదు. ఇది అమ్మ మొదటి సూత్రం. షాపులో ఎంత రద్దీ ఉన్నా డబ్బా మూత పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి, అరుగు మీది వెలుతుర్లో చూసి గానీ కలిపిన రంగు ఇచ్చేది కాదు. మాది వరసలో మధ్య ఇల్లు. ముందు వాకిలికి రేకుల కప్పు, ఉన్న ఒక్క కిటికీ దాని కిందే, పక్కల కిటికీల్లేవు. హాల్లో పగలు కూడా లైటే. అందుకని వీధి తలుపు బార్లా తెరిచి, అమ్మని గుమ్మంలో నిలబెట్టి రెండు అట్టముక్కలూ పట్టుకున్నాను.

అమ్మ నడుం నిటారుగా అయింది.

"ఏ గదికి?"

"హాలుకి."

"ఎవరి హాలు?"

"మా అమ్మావాళ్ళది."

"ఆవిడకేం రంగు ఇష్టం?"

"అడగలేదు."

"మరి అడక్కుండా కొంటావా? మంచి కూతురివే." అట్టముక్కలు లాక్కుంది. "ఇదిగో, ఇది చుక్క ఎరుపు తాగింది. అది ఒట్టి నీళ్ళు తాగింది. బూడిద రంగుకి ఒక మొహం ఉంటుంది అమ్మాయ్. ఎరుపు వైపో నీలం వైపో తిరిగి ఉంటుంది. ఎటూ తిరక్కుండా ఉండే బూడిద శ్మశానంలోనే."

అట్టముక్కలు తిరిగి తీసుకుని, అటు తిరిగి చేతులు మార్చి, ఏది ఎరుపుదో మళ్ళీ అడిగాను. చెప్పింది. ఇంకోసారి మార్చాను. చెప్పింది. మూడోసారి నా చేతి మీద కొట్టింది.

"ఆటలా? నీకు పనిలేదు గానీ నాకు లైనులో జనం ఉన్నారు."

రెండు నిమిషాలు. పూర్తిగా అమ్మ. నా పేరు లేదు, నేను లేను, అయినా పూర్తిగా అమ్మ.

తర్వాత అట్టముక్కలు నా చేతిలోనే వదిలేసి, షాపుకి లేటయిందని గుమ్మం దాటింది. గేటు దగ్గర పట్టుకున్నాను.

జూలై 12, శుక్రవారం

పిన్నితో గొడవ. రంగు మీద కాదు, ఎర్ర బట్ట మీద. గుమ్మం పైన, హాలు వైపు, శుభానికి కట్టిన ఎనిమిదిమంది దేవతల బొమ్మల ఎర్ర పట్టుబట్ట. అదక్కడుంటే ఎంత రంగు పూసినా తలుపెక్కడో చిన్నపిల్లాడైనా చెప్తాడు. తీసేయాలన్నాను.

"తీస్తావా? తియ్యి. తెల్లపూలు కూడా తెచ్చి పెట్టు. బూడిద గోడలు, బూడిద తలుపు, ఎర్ర బట్ట లేని గుమ్మం. బతికున్న మనిషికి చావింటి అలంకారం. దీనికేనా నిన్ను యూనివర్సిటీలో చదివించింది మా అక్క?"

"మిస్సీ చెప్పింది పిన్నీ."

"మిస్సీకేం తెలుసు! ఈ బట్ట ఒక్కసారే విప్పాం, మీ నాన్న పోయినరోజు. నలభై తొమ్మిది రోజులు గుమ్మం బోసిగా ఉంది. తర్వాత మీ అమ్మే స్టూలెక్కి కట్టింది. నేను కడతానంటే, వంకరగా కడతావని నన్ను కట్టనివ్వలేదు."

"సరే, వద్దు. లారీ కింద పడనీ."

అనకూడని మాట. అన్నాను. పిన్ని చాలాసేపు బియ్యం ఏరింది. ఇప్పుడు బియ్యంలో రాళ్ళెక్కడున్నాయి?

సాయంత్రం తనే స్టూలెక్కి విప్పింది. మడిచి దేవుడి సొరుగులో పెట్టింది. "ఆగస్టు నాలుగున ఏడో నెల మొదలు. దయ్యాల నెలలో ఇంటికి రంగు వేయనివ్వను. ఆలోపు చేయించు, లేకపోతే మానెయ్" అంది.

తలుపు అవతల, వాకిట్లో స్తంభానికి ఉన్న ఆకాశ దేవుడి గూటికి అమ్మ రోజూ రెండు పూటలా అగరుబత్తీలు వెలిగిస్తుంది. దాని సంగతి మేమిద్దరం ఎత్తలేదు.

జూలై 13

రేవు కాస్త వెచ్చగా ఉంటుంది. హాలుకి వెచ్చదనం మంచిదే.

జూలై 15

తేల్చలేదు.

జూలై 18, గురువారం

నాలుగింటికి అమ్మ గడియ తీస్తుంటే వెనకనించి పట్టుకున్నాను. అరిచింది. "దొంగ! దొంగది నన్ను పట్టుకుంది!" ఎదురింటి ముసలావిడ గేటు దాకా వచ్చింది.

"ఏమిటమ్మా సువాన్, తల్లిని కొడుతున్నావా?"

"లేదు ఆంటీ, కౌగిలించుకుంటున్నా."

"కౌగిలింతకి ఇంత కేకా?"

అమ్మ నా మణికట్టు కొరికింది. ఎంత బలమో. నొప్పి కంటే ముందు ఒక క్షణం నాకు గర్వంగా అనిపించింది, అది కూడా రాస్తున్నాను.

గంట తర్వాత కాఫీ తాగుతూ నా చెయ్యి చూసింది. "ఎవరు కొరికారు?"

"కుక్క."

"వీధి కుక్కకి అడ్డం వెళ్ళకూడదమ్మా. దాని దారిన దాన్ని పోనివ్వాలి."

పిన్ని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జూలై 21, ఆదివారం

రెండు అట్టముక్కలూ బల్ల మీద ఉన్నాయి. రాసి చూసుకుంటే తేలుతుందేమో.

తలుపుకీ రాయే వేస్తే తలుపు ఉండదు. ఎవరికీ ఉండదు.

తలుపుకి రేవు వేస్తే మిస్సీకి ఉండదు. పిన్నికి ఉండదు. ఎదురింటి ఆవిడకి ఉండదు. అమ్మకి ఉంటుంది.

అందరూ చెప్పినట్టు చేశానంటారు. ఒక్క చుక్క ఎరుపు. ఆవిడకీ నాకూ తప్ప లోకంలో ఎవరికీ తెలియని తలుపు.

అమ్మకి తలుపుంటే లారీలు కూడా ఉంటాయి.

ఇక్కడ చెయ్యి ఆగింది. అరగంట తర్వాత రాస్తున్నాను. నేను హాల్లోనే కూర్చుంటాను ఇక. మేడ మీదికి వెళ్ళను. మంచం కిందికి దించుకుంటాను. గడియ పైన ఉంటుంది, చెయ్యి అందడానికి కాసేపు పడుతుంది, ఆలోపు లేస్తాను. మనిషికి తలుపు ఎక్కడుందో తెలియాలి. వెళ్ళనివ్వకపోయినా సరే, తెలియాలి. గోళ్ళు విరిగేదాకా బాదిందంటే అక్కడ తలుపుందని ఆవిడకి తెలుసు కాబట్టే కదా. అదీ లేకపోతే ఇంకేం మిగిలింది?

ముప్ఫై ఒక్క ఏళ్ళు చూసిన కన్ను అది. పేర్లు పోయాయి, నేను పోయాను, నాన్న చనిపోయాడన్న సంగతి పోయింది. కన్ను పోలేదు. దాన్ని కూడా నేనే మోసం చేయాలా?

రేవు.

జూలై 22

పిన్నికి చెప్పను.

జూలై 24, బుధవారం

గోడలకి 47 మ్యాట్, పెద్ద డబ్బాలు రెండు. తలుపుకి 48, చిన్న డబ్బా, అది కూడా మ్యాటే.

బూన్ టేక్ కంప్యూటర్లో నంబరు కొడుతూ ఆగాడు. "తలుపుకి వేరే నంబరా? మిస్సీ ఒకటే వేయమందని ఫోన్లో చెప్పావు."

"ఇదే కావాలి."

నన్ను చూశాడు. అతనికి అర్థమైంది. అమ్మ దగ్గర పెరిగినవాడు.

"సువాన్, నేనొక మాట అంటాను, కోప్పడకు. ఆ రోడ్డు మీద లారీలు..."

"నాకు తెలుసు."

"ట్యూబ్‌లైట్ కింద చూశావా రెండూ?"

"చూసేది గుమ్మంలోనే కదా, మీ చూ అక్క నేర్పింది."

బటన్ నొక్కాడు. మెషీన్ గిరగిరా తిరిగింది. మూత తీసి, రంగులో వేలు ముంచి, మూత మీద చుక్క పెట్టి, అలవాటుగా అరుగు మీదికి తీసుకెళ్ళి చూశాడు. "బాగా కలిసింది" అన్నాడు నేల చూస్తూ.

జూలై 27, శనివారం

అమ్మని తీసుకుని పిన్ని రెండ్రోజులు తన స్నేహితురాలింటికి వెళ్ళింది. రంగులు వేయడానికి హమ్దాన్ వచ్చాడు. పాక్ చిక్ అని, అంటే బాబాయ్ అని పిలుస్తాను, పెద్దవాడు. నోరు మూతపడదు.

"ఈ కాలంలో అందరికీ గ్రే కావాలి. వెనకటికి పచ్చ, నీలం, గులాబీ, ఇల్లు చూస్తే పెళ్ళిలా ఉండేది. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా ఆఫీసులాగే. మనుషులకి ఏమైంది పాపా?"

"ఆఫీసులో జీతం ఇస్తారు కదా పాక్ చిక్."

పడీపడీ నవ్వాడు. మధ్యాహ్నం చిన్న డబ్బా తెరవబోతూ మూత మీది నంబరు చదివాడు. "ఇది నలభై ఎనిమిది. అవి నలభై ఏడు. షాపువాడు తప్పు డబ్బా ఇచ్చాడు."

"లేదు. అంతే."

"కనిపించదా మరి? తలుపు కనబడకూడదని కదా వేయించేది."

"మీకు కనిపిస్తోందా?"

రెండు బ్రష్షులూ పక్కపక్కన గోడ మీద లాగి, కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "నాకైతే లేదు."

"మరి ఇంకేం."

చట్రం, తలుపు, పాత పిడి ఉన్న చోట కొట్టిన బిళ్ళ, అన్నీ రేవు. కొత్త గడియ నా తల కంటే ఎత్తున.

జూలై 28

రెండో కోటు. తలుపు తెరిచి ఆరబెట్టాం. వాన వెలుతుర్లో అంచు నాకు స్పష్టంగా కనిపించింది. ఒక్క చుక్క ఎరుపు. అమ్మకైతే కేక పెట్టినట్టుంటుంది.

జూలై 29, సోమవారం

అమ్మ వచ్చింది. వెనక సందులోంచి, వంటింట్లోంచి లోపలికి తెచ్చాం. హాలు మధ్యలో నిలబడి చుట్టూ చూసింది.

"ఎవరు వేశారు?"

"హమ్దాన్ పాక్ చిక్."

"చెయ్యి బాగుంది. గీతలు లేవు."

తర్వాత గోడ వెంట నడవడం మొదలుపెట్టింది. అలమార దగ్గరనించి, టీవీ మీదుగా, తలుపు మీదుగా, కిటికీ దాకా. తలుపు దగ్గర ఆగలేదు. ఒక్క అడుగు కూడా తగ్గించలేదు.

కొత్త రంగు వాసనకి కళ్ళు మండుతాయి. రేపటికి తగ్గుతుంది.

జూలై 30

వాసన తగ్గింది.

జూలై 31, బుధవారం

సాయంత్రం మూడు అగరుబత్తీలు వెలిగించి పట్టుకుని హాల్లో తిరిగింది. అలమార, టీవీ, తలుపు, కిటికీ. మళ్ళీ వెనక్కి. నుసి చేతి మీద రాలుతోంది. పిన్ని బతిమాలింది: "ఇలా ఇవ్వు అక్కా, నేను వెనకనించి వెళ్ళి పెట్టేసి వస్తాను."

"నువ్వు పెడితే నా దణ్ణం ఎలా అవుతుంది?"

చివరికి కిటికీకీ అలమారకీ మధ్య ఉత్త గోడకి దణ్ణం పెట్టింది. ఎక్కడ గుచ్చాలో తెలియక పిన్ని చేతికిచ్చింది. తలుపు అక్కడికి రెండు బారల దూరం.

కనబడుతోంది. నటిస్తోంది. నామీద కోపంతో నటిస్తోంది. చిన్నప్పుడు నేను అన్నం తిననంటే నన్ను చూడనట్టే తిరిగేది ఇల్లంతా.

ఆగస్టు 1

నటించడం లేదు.

ఆగస్టు 2, శుక్రవారం

మిస్సీ వచ్చింది. వెనకనించే. హాలంతా చూసి, "తలుపెక్కడ?" అని నిజంగానే అడిగింది. చూపించాను. చప్పట్లు కొట్టింది. ఫోటో తీసుకుంది, వేరే ఇళ్ళలో చూపిస్తుందట.

"ఒకే రంగు కదూ?"

"ఒకటే."

"చూ ఆంటీ ఇప్పుడు ఎంత నెమ్మదిగా ఉంది చూడు. మంచి పని చేశావు సువాన్. బుద్ధిమంతురాలివి."

అమ్మ టీవీ చూస్తోంది. టీవీ ఆన్‌లో లేదు.

ఆగస్టు 3, శనివారం

పొద్దున తలుపు మూసి, లైటు వేసి, హాలు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అమ్మ కూర్చునే చోట. అంచు కోసం చూశాను. అది ఎక్కడుందో తెలిసి చూశాను.

లేదు.

ఆ రోజు అట్టముక్కలు చూపించడానికి అమ్మని గుమ్మంలో నిలబెట్టాను. తలుపు తెరిచి. తెరిచిన తలుపు ఎవరికైనా కనబడుతుంది, దానికి కన్నెందుకు? మూసిన తలుపుకి పగటి వెలుతురు పడదు. మా హాల్లో పొద్దున పదింటికి కూడా ట్యూబ్‌లైటే. ట్యూబ్‌లైట్ కింద ఆ ఎరుపు చుక్క చచ్చిపోతుంది, రాయీ రేవూ ఒకటే. అందుకే కదా అమ్మ ముప్ఫై ఒక్క ఏళ్ళు డబ్బా మూతలు పట్టుకుని అరుగు మీదికి పరిగెత్తింది.

పెయింట్ షాపు మనిషి కూతురికి ఇది తెలియని సంగతా? బూన్ టేక్ అడిగాడు కూడా.

ఆవిడ కన్ను పోయిందో, వెలుతురే చాల్లేదో ఇక ఎప్పటికీ తెలియదు. తేల్చుకోవాలంటే తలుపు తెరిచి అడగాలి. తెరిస్తే అడగడానికేం ఉంటుంది?

నాకు ముందే తెలుసు అని రాసి కొట్టేశాను. తెలియదు అని రాసి అదీ కొట్టేశాను. ఇప్పుడు ఈ పేజీలో రెండూ కనబడుతున్నాయి, గీతల కింద.

ఆగస్టు 5

మంచం మళ్ళీ మేడ మీదికి ఎక్కించాం. హాల్లో ఇరుగ్గా ఉందని పిన్నే అంది. నేను కాదన్లేదు.

ఆగస్టు 6

ఎనిమిదింటిదాకా నిద్రపోయాను. మెలకువ లేకుండా. ఆరు నెలల్లో మొదటిసారి. లేచాక ఒంట్లో ఎంత తేలిగ్గా ఉందో, ఆ తేలిక ఎక్కణ్ణించి వచ్చిందో తెలిసి కూడా కాసేపు అలాగే పడుకున్నాను.

ఆగస్టు 7

ఇవాళ వెతకలేదు.

ఆగస్టు 8

ఇవాళ కూడా.

ఆగస్టు 9, శుక్రవారం

అమ్మ నెమ్మదిగా ఉంది. అందరూ అదే మాట అంటున్నారు. తింటుంది, కూర్చుంటుంది. షాపుకి లేటయిందని అనడం లేదు. ఆ మాట వింటే ఒళ్ళు మండేది నాకు, రోజుకి యాభైసార్లు అనేది. మధ్యాహ్నం నేనే అన్నాను: "అమ్మా, షాపుకి లేటవుతోందేమో?"

"ఏ షాపు?" అంది మర్యాదగా.

పెనాంగ్ ఆఫీసు నించి ఉత్తరం. సెప్టెంబరు ఒకటిన చేరితే సరేనట, లేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటారట. పిన్ని చదివి, "వెళ్ళు. ఇప్పుడేం భయం లేదుగా" అంది. ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అంది. అందుకే ఉత్తరం మడిచి ఈ డైరీలో పెట్టేశాను.

ఆగస్టు 11, ఆదివారం

మధ్యాహ్నం నూడిల్స్ బండివాడు వెదురుముక్కలు టకటకలాడించుకుంటూ వీధిలోకి వచ్చాడు. చాలా రోజులైంది వాడు ఇటు వచ్చి. అమ్మకి వాడి నూడిల్స్ ఇష్టం. వెనకనించి సందు తిరిగి వెళ్ళేలోపు వాడు వెళ్ళిపోతాడు. అమ్మ పేముకుర్చీలో కళ్ళు మూసుకుని ఉంది. చప్పుడు కాకుండా వీధి తలుపు గడియ తీసి, సందు చేసుకుని బయటికి వెళ్ళి, వెనకే దగ్గరికి వేశాను.

వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే లోపల్నించి అమ్మ పిన్నిని పిలవడం వినబడింది.

"హూన్, ఇక్కడో అమ్మాయి ఉండాలి. ఎటు పోయింది?"

"లోపలుందిలే అక్కా" అంది పిన్ని వంటింట్లోంచి.

"లోపల లేదు. ఇప్పుడే ఇక్కడుంది."

అమ్మ కళ్ళు మూసుకోలేదన్నమాట.

మూడు పొట్లాలు కట్టించుకుని వచ్చాను. వెనకనించే రావాలి. వాన మొదలైంది. గుమ్మం ముందు నిలబడ్డాను, బయటి వైపు తలుపు పాత ఎరుపే, దాన్ని ఎవరూ మార్చలేదు. తోసుకుని లోపలికి వచ్చి మూసేశాను.

అమ్మ కుర్చీలో ముందుకి వంగి నన్నే చూస్తోంది. మొహం వెలిగిపోతోంది. అంత సంతోషంగా ఆవిడ నన్ను చూసి ఎన్నాళ్ళయిందో.

"గోడలోంచి వచ్చావు!"

"అవునమ్మా."

"వెలుతురు వచ్చింది, నువ్వు వచ్చావు, గోడ మూసుకుపోయింది. నేను చూశాను."

పొట్లాలు బల్ల మీద పెట్టాను. అమ్మ వంటింటి వైపు ఒకసారి చూసి, నా చెయ్యి పట్టి దగ్గరికి లాగింది. పిన్నికి వినబడకూడదని గొంతు తగ్గించింది.

"అమ్మాయ్, అది నాకూ నేర్పవా?"

నా చెయ్యి వదల్లేదు. నేను గిన్నెలు తెచ్చే నెపంతో విడిపించుకోబోయాను, వదల్లేదు. తడిసిన రెండో చేత్తోనే పొట్లం విప్పాను. ఆవిరి లేచింది.

"ముందు తినమ్మా" అన్నాను. "చల్లారిపోతుంది."